సృజన అంతా సరుకులోనే ఉండాలా?

చిన్న వ్యాపారం నడిపేవారికి సలహాలకు కొదవ ఉండదు. అందులో అందరి నోటా వినిపించేది "కాస్త కొత్తగా ఆలోచించండి" అన్న మాట. చెప్పేవారికి పైసా ఖర్చు లేదు, వినేవారికి దారి తోచదు. నెలాఖరుకు జీతాలు, అద్దె, కరెంటు బిల్లు, ఎన్నిసార్లు అడిగినా చేతికి రాని బాకీలు కళ్లముందు కదులుతుంటే కొత్తదనాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది ఆ మాటను కొత్త సరుకు కనిపెట్టమన్నట్టుగా తీసుకుంటారు. అది తమ వల్ల కాదనుకున్నవారు పేరు మారుస్తారు, బోర్డు మారుస్తారు, గోడలకు రంగులు మారుస్తారు. రెండు నెలల తర్వాత లెక్క చూసుకుంటే అమ్మకాలు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఈ చిక్కుకు మూలం సృజనను సరుకులోనే వెతకడం అని నాకు అనిపిస్తుంది. ఎవరికి అమ్ముతున్నాం, డబ్బు ఎప్పుడు చేతికి వస్తోంది, ఏ పని ఎవరు చేస్తున్నారు, కొనాలని వచ్చినవారు ఏ క్షణంలో వెనక్కి తగ్గుతున్నారు అన్నవి కూడా వ్యాపారంలో భాగాలే. వీటిలో ఏ ఒక్కదాన్ని తిప్పి అమర్చినా ఫలితం మారుతుంది. సరుకును దాదాపుగా ముట్టుకోకుండానే మూతపడే స్థితి నుంచి లేచి నిలబడ్డ వ్యాపారాలున్నాయి.

మసి తుడిచే ముద్ద

అమెరికాలోని సిన్సినాటి నగరంలో కుటోల్ అనే సబ్బుల కంపెనీ ఉండేది. 1930లలో అది వాల్‌పేపర్‌ను శుభ్రం చేసే ఒక మెత్తని ముద్దను తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పట్లో అక్కడి ఇళ్లను వెచ్చగా ఉంచడానికి బొగ్గు కాల్చేవారు. ఆ మసి గోడలకంటించిన కాగితం మీద పేరుకునేది. కాగితం తడిస్తే పాడవుతుంది కనుక కడగడం కుదరదు. ఈ ముద్దతో రుద్దితే మసి దానికి అంటుకుని వచ్చేసేది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొగ్గు స్థానంలో గ్యాసు, చమురు వచ్చాయి. తడిగుడ్డతో తుడిచినా చెడని వినైల్ వాల్‌పేపర్ కూడా వచ్చింది. కుటోల్ ముద్దలో లోపమేమీ లేదు. అది తీర్చే అవసరమే ఇళ్లలోంచి మాయమైపోతోంది.

అప్పుడు కంపెనీ బాధ్యత చూస్తున్న జో మెక్‌వికర్‌కు కే జుఫాల్ అనే దగ్గరి బంధువు ఉంది. ఆమె చిన్నపిల్లల బడి నడిపేది. బొమ్మలు చేయడానికి ఇచ్చే మట్టి పసివేళ్లకు లొంగనంత గట్టిగా ఉండేది. వాల్‌పేపర్ ముద్దతో అలంకరణ వస్తువులు చేయవచ్చని ఎక్కడో చదివి, ఆమె దాన్ని తెచ్చి పిల్లలకిచ్చింది. వాళ్లు వదిలితే ఒట్టు. కబురు అందుకున్న జో స్వయంగా వెళ్లి పిల్లలు ఏం చేస్తున్నారో చూశాడు. ముద్దలోంచి సబ్బు గుణమున్న పదార్థాన్ని తీసేసి, రంగు, సువాసన కలిపారు. 1956లో అది 'ప్లే-డో' పేరుతో అంగళ్లకు చేరింది. ఆ పేరు కూడా కే దంపతుల సూచనే. ప్రకటనలకు డబ్బు లేకపోతే జో మరో ఉపాయం పన్నాడు. పిల్లల టీవీ కార్యక్రమం నడిపే కళాకారుడి దగ్గరకు వెళ్లి, కార్యక్రమంలో ఈ ముద్దను వాడితే అమ్మకాల్లో 2 శాతం ఇస్తానన్నాడు. ముందు ఏమీ ఇవ్వనక్కరలేదు, అమ్ముడుపోతేనే ఖర్చు.

ఈ కథను సాధారణంగా అదృష్టం ఖాతాలో వేస్తారు. నాకలా అనిపించదు. కార్ఖానాలో ఏళ్ల తరబడి ఆ ముద్దను కలిపినవారిలో ఎవరికీ అది మసి తుడిచేదిగా తప్ప మరోలా కనబడలేదు. మరోలా చూసింది వేరే పనిలో ఉన్న మనిషి. యజమాని చేసిందల్లా ఆ మాటను కొట్టిపారేయకుండా వెళ్లి చూడడం. తన సరుకును జనం చెప్పినట్టే వాడుతున్నారా, లేక చెప్పని పనికి వాడుతున్నారా అన్నది చాలామంది యజమానులు ఎప్పుడూ చూడని విషయం. ప్యాకెట్ మీద రాసిన వాడకానికి భిన్నంగా ఎవరైనా వాడితే "అది అందుకు కాదండీ" అని సరిదిద్దడానికే మన నోరు ముందు లేస్తుంది.

బెటీ నెస్మిత్ గ్రాహమ్ కథలోనూ ఇలాంటి చూపే ఉంది. డాలస్‌లోని ఒక బ్యాంకులో కార్యదర్శిగా ఉన్న ఆమెకు టైపు తప్పులు పెద్ద తలనొప్పి. పండుగ రోజుల్లో బ్యాంకు అద్దాల మీద బొమ్మలు వేసే చిత్రకారులు తప్పు పోతే చెరపకుండా దాని మీదే మళ్లీ రంగు వేయడం ఆమె గమనించింది. తెల్ల రంగును సీసాలో పోసి, చిన్న కుంచెతో టైపు తప్పుల మీద పూయడం మొదలుపెట్టింది. తోటి ఉద్యోగినులు అడగడంతో 1956లో అమ్మకం మొదలైంది. తర్వాత లిక్విడ్ పేపర్‌గా ప్రసిద్ధమైన ఆ వ్యాపారాన్ని 1979లో జిల్లెట్ కంపెనీ 4.75 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఒక వృత్తిలో అందరికీ తెలిసిన చిట్కా ఇంకో వృత్తికి వెళ్లేసరికి కొత్త వస్తువైపోయింది.

డబ్బు నడిచే దారి

ఇక సరుకును పూర్తిగా పక్కనపెడదాం. 1850లలో కుట్టుమిషన్ అందరూ కోరుకున్నదే, కొనగలిగినవారే తక్కువ. సింగర్ కంపెనీ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ 1856లో వాయిదాల పద్ధతి తెచ్చాడు. కొంత కట్టి మిషన్ ఇంటికి తీసుకువెళ్లవచ్చు, మిగతాది నెలనెలా కట్టవచ్చు. మిషన్‌లో ఒక్క మర కూడా మారలేదు. కుటుంబం దాని మీద కుట్టి సంపాదిస్తూనే దాని బాకీ తీర్చుకోగలదన్న ఊహే ఇక్కడి సృజన. ఇప్పుడు మనకు వాయిదాలు గాలీ నీరంత మామూలు కనుక అందులోని తెగువ కనబడదు.

డబ్బు విషయంలో ఇంతకన్నా లోతైన ఉదాహరణ ఇంగ్లండులోని కుండల తయారీదారు జొసయా వెడ్జ్‌వుడ్. 1759లో స్టఫర్డ్‌షైర్‌లో సొంతంగా పని మొదలుపెట్టాడు. మెరుగుల కోసం వేలకొద్దీ ప్రయోగాలు చేశాడు. 1765లో రాణి షార్లెట్ ఆర్డరు దొరకగానే, ఆ రకం పాత్రలకు 'క్వీన్స్ వేర్' అని పేరు పెట్టుకున్నాడు. నమూనాల పుస్తకాలు పంపడం, నచ్చకపోతే డబ్బు వాపసు ఇవ్వడం, రవాణా ఖర్చు తానే భరించడం వంటివన్నీ 18వ శతాబ్దంలోనే చేశాడు. అమ్మకాల మెళకువలు చెప్పేవారు ఇక్కడితో ఆగిపోతారు. అసలు ఘట్టం 1772లో జరిగింది.

ఆ ఏడాది ఐరోపాలో అప్పులు పుట్టని పరిస్థితి వచ్చింది. అమ్మకాలు తగ్గాయి, నిల్వలు పేరుకున్నాయి. వెడ్జ్‌వుడ్ కూర్చుని తన ఖాతాలు తానే తిరగేశాడు. ఒక్కో పాత్రకు నిజంగా ఎంత ఖర్చవుతోందో విడదీసి చూశాడు. మూసలు, అద్దె, బట్టీ బొగ్గు, గుమాస్తాల జీతాలు వంటివి సరుకు ఎంత తయారైనా ఇంచుమించు అంతే ఉంటాయని, అదే మూసతో ఎక్కువ పాత్రలు తీస్తే ఒక్కోదాని మీద భారం తగ్గుతుందని తేలింది. దాంతో ఏ రకాన్ని కొద్దిగా చేసి ఎక్కువ ధరకు అమ్మాలో, ఏ రకాన్ని విరివిగా చేసి తక్కువకు అమ్మాలో నిర్ణయించుకోగలిగాడు. ఆ వెతుకులాటలోనే ప్రధాన గుమాస్తా డబ్బు కాజేస్తున్న సంగతి కూడా బయటపడింది! మట్టితో చేసిన ప్రయోగాలను ఎంత శ్రద్ధగా రాసుకున్నాడో, ఖర్చులనూ అంతే శ్రద్ధగా చూసినప్పుడు దొరికిన ఫలితమిది. లెక్కలంటే సృజనకు విరోధమని, కళాహృదయం ఉన్నవారికి అవి పడవని మనలో ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం వల్ల మునిగిన చేతివృత్తులవారికి లెక్కే లేదు.

ఎదుగుదల దగ్గర ఈ సంగతి మరీ ముఖ్యం. గిరాకీ లేక మూతపడే వ్యాపారాలు అందరికీ కనబడతాయి. గిరాకీ పెరిగి మూతపడేవి కూడా ఉంటాయి. పెద్ద ఆర్డరు వచ్చిందనుకుందాం. ముడిసరుకు ఇవాళ నగదు పెట్టి కొనాలి, పనివారికి వారం వారం ఇవ్వాలి, కొన్నవారు మాత్రం 60 రోజులకు చెల్లిస్తారు. కాగితం మీద లాభం ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు. ఆర్డరు రెండింతలైతే ఆ లోటూ రెండింతలవుతుంది. ఇక్కడ పనికొచ్చే ఊహలు పైకి ఆర్భాటంగా ఉండవు. ఆర్డరును నాలుగు విడతలుగా పంపి విడతకొకసారి బిల్లు వసూలు చేయడం, ముందే చెల్లించినవారికి చిన్న తగ్గింపు ఇవ్వడం, ముడిసరుకును ఆర్డరు ఇచ్చినవారినే తెచ్చి ఇమ్మని మనం పనికూలి మాత్రం తీసుకోవడం, ఇలాంటివి. వీటిని ఎవరూ సృజన అని పిలవరు. పిలవకపోయినా జీతాలు మాత్రం వేళకు అందుతాయి.

వెనుదిరిగినవారు చివరగా అడిగినది

ఊహలు ఎక్కడి నుంచి వస్తాయన్న దానికి ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్‌ను ఊహించుకుందాం. కరపత్రాలు, లేబుళ్లు, బిల్లు పుస్తకాలు వేస్తారు. పోటీవల్ల ధర తగ్గించక తప్పదని యజమాని బెంగ. ధర తగ్గించేముందు ఆయన కౌంటరు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, ఆర్డరు ఇవ్వకుండా వెళ్లిపోయినవారు ఆఖరున ఏమడిగారో రాయమన్నాడు. నెల తిరిగేసరికి పుస్తకంలో ఎక్కువసార్లు కనబడింది "ఎంత?" కాదు, "ఎప్పటికి ఇస్తారు?" దానికి కౌంటరులో మనిషి ఇచ్చే జవాబు "చూసి చెబుతామండీ". అది ఎందుకలా అని తవ్వితే, మిషన్ ఖాళీగానే ఉంటోంది. ఆలస్యమంతా ప్రూఫు దగ్గర, అంటే అచ్చు వేసేముందు సరిచూడమని పంపే నమూనా దగ్గర. పంపిన ప్రూఫును ఆర్డరు ఇచ్చినవారు మూడు రోజులు చూడరు, చూశాక ఫోన్లో దిద్దుబాట్లు చెబుతారు, ఒకటి చెవిన పడదు, మళ్లీ ప్రూఫు.

ఆయన ఒక కట్టుబాటు పెట్టాడు. ఉదయం 11 గంటలలోపు ప్రూఫు మీద రాతపూర్వకంగా సరేనంటే మర్నాడు సాయంత్రానికి సరుకు. ఆలస్యమైతే వరసలో తర్వాతి చోటు. దిద్దుబాట్లు నోటిమాటగా తీసుకోరు, ప్రూఫు మీదే గుర్తుపెట్టి పంపాలి. ఈ మూడు సంగతులు కౌంటరు దగ్గర పెద్ద అక్షరాలతో అంటించాడు. అత్యవసరమన్నవారికి అదే రోజు ఇచ్చే ఏర్పాటుకు అదనపు రేటు పెట్టాడు. కొత్త మిషన్ కొనలేదు, ధర తగ్గించలేదు సరికదా, కొందరి దగ్గర ఎక్కువే తీసుకుంటున్నాడు. ఇది ఊహించిన ఉదాహరణే. కాకపోతే ప్రశ్నలను రాసిపెట్టుకునే అలవాటున్న ఏ వ్యాపారంలోనైనా ఇలాంటిది ఒకటి బయటపడక మానదు.

ఇందులో ఇంకో కోణం ఉంది. కొనేవారి చేత కొంత పని చేయించడం ప్రెస్‌కూ లాభమే, వారికీ లాభమే. ఈ సూత్రాన్ని అందరికన్నా దూరం తీసుకువెళ్లినవాడు క్లారెన్స్ సాండర్స్. 1916 సెప్టెంబరు 6న అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ దుకాణం తెరిచాడు. అంతకుముందు కిరాణా దుకాణాల్లో గుమాస్తా బల్ల వెనక నిలబడి అడిగినది తీసి ఇచ్చేవాడు. సాండర్స్ సరుకుల మధ్య దారి వేసి, జనమే తిరిగి తమకు కావలసింది బుట్టలో వేసుకుని చివర్లో డబ్బు కట్టేలా అమర్చాడు. 1917లో దానికి పేటెంటు కూడా వచ్చింది. నేటి సూపర్‌మార్కెట్లన్నిటికీ అదే నమూనా. ఇదే సాండర్స్ తర్వాత 1937లో యంత్రాలే సరుకు తెచ్చి ఇచ్చే 'కీడూజిల్' అనే దుకాణం తెరిచాడు. జనం ఒక తాళంచెవితో కావలసినవి ఎంచుకుంటే, వెనకనుంచి సరుకు బెల్టు మీద రావాలి. యంత్రాలు మాటిమాటికీ మొరాయించాయి, ఆ ప్రయత్నం నిలవలేదు. మొదటి ఊహ పని తగ్గించింది, రెండోది పనిని యంత్రం నెత్తిన పెట్టి ఖర్చు పెంచింది. మనిషి అదే, తెలివీ అదే.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఊహలు చెప్పించే పద్ధతి గురించి కూడా ఒక మాట. ప్రకటనల రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్బర్న్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెరీ, బ్లాక్ అనే ముగ్గురు దీన్ని పరీక్షించారు. నలుగురు కలిసి కూర్చుని చెప్పినవాటికన్నా, నలుగురు విడివిడిగా ఆలోచించి చెప్పినవాటిని కలిపితే ఊహలు ఎక్కువొచ్చాయి. తర్వాతి పరిశోధనలు కూడా దీన్నే బలపరిచాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి, ఆగేలోపు తట్టింది మరిచిపోతారు. దీనికితోడు యజమాని ఎదుట ఆయనకు నచ్చని మాట ఎవరూ అనరు. ముగ్గురు నలుగురు పనిచేసే చోట ఈ రెండో ఇబ్బందే పెద్దది. ముందు ఎవరికివారు కాగితం మీద రాసి ఇచ్చి, తర్వాత కలిసి చర్చించడం మేలు. డెలివరీకి వెళ్లే కుర్రాడికి తెలిసిన సంగతులు యజమానికి ఎప్పటికీ తెలియవు.

తట్టుకోగలిగినంత నష్టం

ఊహ దొరికాక దాన్ని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టడం నేల విడిచి సాము చేయడమే. వ్యవస్థాపకుల ఆలోచనాతీరును అధ్యయనం చేసిన సరస్ సరస్వతి, అనుభవజ్ఞులైన 27 మంది వ్యాపారులకు ఒక ఊహాజనిత కంపెనీని ఇచ్చి, మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ దాన్ని నడపమంది. వారు ఎంత లాభం వస్తుందన్న అంచనాల జోలికి పెద్దగా పోలేదు. చేతిలో ఏముంది, ఎవరు తెలుసు, పోతే ఎంతవరకు భరించగలం అన్న దగ్గర మొదలుపెట్టారు. 2001లో ప్రచురించిన వ్యాసంలో ఆమె ఈ పద్ధతిని సిద్ధాంతంగా మలిచింది. మన పెద్దలు ఆచితూచి అడుగు వేయమన్నది ఇదేనా అంటే పూర్తిగా కాదు. ఆచితూచేవారు అడుగే వేయకపోవచ్చు. ఈ వ్యాపారులు చాలా అడుగులు వేస్తారు, ఒక్కో అడుగుకూ పోగొట్టుకునేది ముందే కొలుచుకుంటారు.

చెప్పులు, బూట్లు తొడిగి చూడకుండా జనం ఇంటర్నెట్‌లో కొంటారా? 1999లో నిక్ స్విన్‌మర్న్‌కు వచ్చిన సందేహం ఇది. గిడ్డంగి కట్టి, సరుకు నింపి కనుక్కోవడం ఒక దారి. ఆయన దగ్గరలోని దుకాణాలకు వెళ్లి బూట్ల ఫొటోలు తీసుకుని వెబ్‌సైట్లో పెట్టాడు. ఆర్డరు వస్తే ఆ దుకాణంలోనే కొని పంపాడు. అలా చేస్తే లాభం ఉండదని ఆయనకూ తెలుసు. ఆయన కొనుక్కున్నది ఒక ప్రశ్నకు జవాబు, అదీ అతి చౌకగా. జాపోస్ కంపెనీ అక్కడి నుంచి పుట్టింది.

పరీక్ష పెట్టేటప్పుడు ఏ ఫలితం వస్తే మానేస్తామో ముందే రాసిపెట్టుకోవాలి. తర్వాత రాద్దామనుకుంటే మనసు మాయ చేస్తుంది. "ఇంకో నెల చూద్దాం" అన్న మాటకు అంతముండదు. ఒకేసారి ధర, ప్యాకింగ్, ప్రకటన మూడూ మారిస్తే అమ్మకం పెరిగినా దేనివల్లో తెలియదు. పన్ను లెక్కల్లో, పనివారి భద్రతలో, కొలతలూ తూకాల్లో మాత్రం దయచేసి ప్రయోగాలు వద్దు. ఆ రంగాల్లో సృజన చూపినవారి కథలు కోర్టు కాగితాల్లో దొరుకుతాయి.

కాపీ కొడతారన్న భయం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఊహకు ఊహగా చట్టరక్షణ ఉండదు. కాపీరైటు ఒక ఊహను వ్యక్తం చేసిన రూపాన్నే కాపాడుతుంది. పేటెంటు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది, చాలా దేశాల్లో దరఖాస్తుకు ముందే బయటపెడితే హక్కు చేజారుతుంది. పేరు, గుర్తు మీద ట్రేడ్‌మార్కును మాత్రం పునరుద్ధరించుకుంటూ ఎంతకాలమైనా నిలుపుకోవచ్చు. వెడ్జ్‌వుడ్ 1769లో ఒకే ఒక్క పేటెంటు తీసుకున్నాడు. పోటీదారు దాన్ని లెక్కచేయకపోతే తగాదా పడి, చివరికి హక్కులో వాటా ఇచ్చి రాజీపడ్డాడు. ఆ తర్వాత మళ్లీ పేటెంటు జోలికి పోలేదు.

మానుకోవడం

కొత్తది మొదలుపెట్టడం గురించి అందరూ చెబుతారు. పాతదాన్ని ఆపడానికి అంతకన్నా ఊహాశక్తి కావాలి. కొండలెక్కేవారికి ఇనుప మేకులు చేసి అమ్మిన ఇవోన్ షినార్డ్ 1970 నాటికి అమెరికాలో ఆ సామగ్రి అమ్మేవారిలో పెద్దవాడు. ఆ మేకులే ఆయన ఆదాయానికి పట్టుగొమ్మ. దిగగొట్టి పీకిన ప్రతిసారీ అవి బండలను చీలుస్తున్నాయని ఆయన కళ్లారా చూశాడు. 1972 కేటలాగులో మేకుల బదులు చేత్తోనే పగుళ్లలో ఇరికించి, చేత్తోనే తీయగలిగే అల్యూమినియం దిమ్మలను పెట్టి, ఎలా వాడాలో 14 పేజీల వ్యాసం వేశాడు. సొంత సరుకును వాడవద్దని సొంత కేటలాగులోనే చెప్పాడన్నమాట. కొన్ని నెలల్లోనే మేకుల గిరాకీ పడిపోయింది, దిమ్మలు తయారుచేసే వేగాన్ని మించి అమ్ముడుపోయాయి. ఆ వ్యాసం లేకపోతే అది జరిగేది కాదని నా నమ్మకం. కొత్త పద్ధతి నేర్పకుండా పాత వస్తువును లాగేసుకుంటే జనం పక్క దుకాణంలో అదే మేకు కొంటారు.

ఊహలు మితిమీరితే ఏమవుతుందో బొమ్మల కంపెనీ లెగో చూపించింది. డెన్మార్క్‌లోని బిల్లున్‌లో వడ్రంగి ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సన్, 1932 నాటి మాంద్యంలో ఇళ్ల పని దొరక్క చెక్క బొమ్మలు మొదలుపెట్టాడు. ఒకదానికొకటి బిగిసే ప్లాస్టిక్ ముక్క పేటెంటుకు 1958లో దరఖాస్తు చేశారు. కంపెనీ పెద్దదయ్యాక 1990ల చివర్లో కొత్తదనం పేరుతో దుస్తులు, వీడియో గేములు, పార్కులు అంటూ అన్ని దిక్కులకూ విస్తరించింది. డిజైనర్లు అడిగిందల్లా చేసిపెట్టడంతో ముక్కల రకాలు 12 వేలు దాటాయి. కొత్త రకం అంటే కొత్త అచ్చు, కొత్త నిల్వ, కొత్త లెక్క. 2003, 2004 సంవత్సరాల్లో భారీ నష్టాలు వచ్చాయి. 2004లో పగ్గాలు చేపట్టిన యోర్గన్ విగ్ క్నుడ్‌స్టార్ప్ ముక్కల రకాలను దాదాపు సగానికి తెచ్చాడు. పార్కుల్లో అధికభాగం వాటాను 2005లో అమ్మేశారు. వీలైనంతవరకు ఉన్న ముక్కలతోనే కొత్త సెట్లు రూపొందించాలని డిజైనర్లకు కట్టుబాటు పెట్టారు. 2005లో కంపెనీ మళ్లీ లాభాల్లోకి వచ్చింది.

నలుగురు పనిచేసే చోట ఈ లెక్క తీయడానికి ఒక మధ్యాహ్నం చాలు. అమ్ముతున్న రకాలన్నీ ఒక కాగితం మీద రాసి, గత ఏడాదిలో ఒక్కోటి ఎన్ని అమ్ముడుపోయాయో, దాని కోసం విడిగా ఏం నిల్వ చేస్తున్నారో పక్కన వేయాలి. కాగితం అడుగున చేరినవాటిలో కొన్నిటిని యజమాని ఎంతో మోజుపడి మొదలుపెట్టి ఉంటాడు. వాటి గురించి నిర్ణయాన్ని ఇంకెవరైనా తీసుకుంటే మంచిది.